సున్నా కొట్టి, కాస్త ఆగి, 172...

విండోస్ 98 కంప్యూటర్లో కొత్తగా డయలప్ కనెక్షన్ పెట్టుకునేవాళ్లకు ఒక చిన్న కిటికీ ఎదురయ్యేది. అందులో మూడే గడులు: ఏరియా కోడు, టెలిఫోన్ నంబరు, దేశం కోడు. దేశం దగ్గర ఇండియా, 91 అని ఎంచుకోవడం తేలిక. చిక్కంతా మిగిలిన రెండు గడులతోనే. విశాఖపట్నంలో ఉన్నవాళ్లు అక్కడ ఇంటి ఫోన్ నంబరు రాయాలా, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నంబరు రాయాలా? ఏరియా కోడు 0891 అనాలా, 891 అనాలా? ఈ రెండో ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే మోడెం పాపం విదేశానికి ఫోన్ కలపబోయేది.

డయలప్‌ను కంటితో చూడని పిల్లలు ఇప్పుడు చదువులు ముగించి ఉద్యోగాల్లో చేరిపోయారు కాబట్టి ముందు అసలు సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్పట్లో ఇళ్లకు ఇంటర్నెట్ కోసం విడిగా తీగ లేదు. మాట్లాడుకునే ల్యాండ్‌లైనే దారి. కంప్యూటర్ పక్కన కూర్చునే మోడెం అనే పెట్టె మనిషిలాగే లైను ఎత్తేది, డయల్ టోను వినేది, నంబరు నొక్కేది. అవతల కంపెనీ మోడెం ఎత్తగానే రెండూ కీచుమని, గరగరమని బేరం మొదలుపెట్టేవి. ఎంత వేగంతో మాట్లాడుకోవాలన్నది ఆ బేరంలోనే తేలేది. ఫోన్ లైను మోసేది మనిషి గొంతుకు సరిపడే ధ్వనులను, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్నవాటిని. కంప్యూటర్ సమాచారాన్ని ఆ ధ్వనుల్లోకి మార్చి పంపడం, వచ్చిన ధ్వనులను మళ్లీ సమాచారంగా మార్చుకోవడం మోడెం పని. 1990ల నడుమ సెకనుకు 28.8 కిలోబిట్లు పంపే మోడెం ఉంటే గొప్ప. తర్వాత 33.6 వచ్చింది. 1998లో వి.90 అనే ప్రమాణం 56 కిలోబిట్ల దాకా తీసుకెళ్లింది. ఆ అంకె డబ్బా మీద కనిపించినంత గట్టిగా లైను మీద కనిపించేది కాదు. ఉప్పుగాలికి, వానలకు రాగి తీగల జాయింట్లు చిలుం పట్టే సముద్రతీరపు ఊళ్లో అయితే మరీను. 33.6 వేగం నిలకడగా దొరికినా ఒక మెగాబైటు ఫైలు దిగడానికి నాలుగు నిమిషాలు దాటేది.

అంటే ఇంటర్నెట్ అప్పుడు మొదట ఒక ఫోన్ కాల్. ఆ కాల్ ఏ ఎక్స్ఛేంజికి వెళ్తుంది, లోకలా, వేరే ఊరికి పోయే ఎస్టీడీనా, నెల తిరిగేసరికి బిల్లు ఎంత వస్తుంది అన్నదంతా ఆ గడుల్లో రాసిన అంకెలే నిర్ణయించేవి.

దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అమ్మడం 1995 ఆగస్టు 15న మొదలైంది. అమ్మింది ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్, జనం నోట్లో వీఎస్ఎన్ఎల్. ముందుగా బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. ఆ మొదటి జాబితాలో విశాఖ లేదు, హైదరాబాదూ లేదు. కాల్ ఎత్తే కంపెనీ మోడెంలుండే కేంద్రాన్ని నోడ్ అనేవారు. అది లేని ఊరివాళ్లు నోడ్ ఉన్న ఊరికి ఎస్టీడీ కొట్టి నెట్‌లోకి వెళ్లాల్సిందే. ఇంటర్నెట్ గంటల ఖరీదు ఒకటి, వాటి మీద ఎస్టీడీ మీటరు ఇంకొకటి. రాత్రి బాగా పొద్దుపోయాక ఎస్టీడీ రేటు పావు వంతుకు పడిపోయేది కాబట్టి ఊరు నిద్రపోయాక మోడెంలు లేచేవి. హైదరాబాద్‌కు వీఎస్ఎన్ఎల్ వచ్చాక అక్కడి ఖాతాదారుల ఈమెయిల్ చిరునామాల్లో హెచ్‌డీ1, హెచ్‌డీ2 అన్న అక్షరాలు కనిపించేవి. చిరునామా చూసి మనిషి ఏ ఊరి మోడెం గుండా వస్తున్నాడో చెప్పగలిగిన కాలం అది.

విండోస్‌లోని ఏరియా కోడు గడి ఉన్నది సరిగ్గా ఇలాంటి కాల్స్ కోసం. దాని తర్కం బాగానే ఉంటుంది. కంప్యూటర్ ముందు రెండు సంగతులు అడుగుతుంది: నువ్వు ఏ ఊళ్లో ఉన్నావు, నువ్వు పిలవబోయే నంబరు ఏ ఊరిది. రెండు కోడ్లూ ఒకటే అయితే నంబరు ఒక్కటే నొక్కుతుంది. వేరైతే ముందు సున్నా, తర్వాత అవతలి ఊరి కోడు, ఆ తర్వాత నంబరు. విశాఖలో ఉండి హైదరాబాద్ నంబరు ఇస్తే 0, 40, ఆపైన నంబరు. ఇంతవరకూ సవ్యమే.

తేడా ఎక్కడ వచ్చిందంటే, మనవాళ్లకు ఊరి కోడు అంటే సున్నాతో కలిపే. షాపు బోర్డు మీద, పెళ్లి శుభలేఖ మీద, విజిటింగ్ కార్డు మీద అంతటా 0891 అనే అచ్చయ్యేది. నిజానికి కోడు 891. ముందున్న సున్నా ‘ఊరి బయటికి పోతున్నాను’ అని ఎక్స్ఛేంజికి చెప్పే అంకె. కంప్యూటర్‌కు ఒకచోట 891 అనీ, మరోచోట 0891 అనీ ఇస్తే అది రెండూ వేర్వేరు ఊళ్లనుకుంటుంది. ఊరు వేరు కాబట్టి ముందు తన సున్నా పెడుతుంది. దాని వెనక మనిషి రాసిన 0891. ఎక్స్ఛేంజికి చేరేది 00891... మన దేశంలో రెండు సున్నాలంటే ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్! ఐఎస్‌డీ సదుపాయం లేని లైనైతే ఎక్స్ఛేంజి రికార్డు చేసిన మాట ఒకటి వినిపించి ఊరుకునేది. మోడెంకు మాటలు అర్థం కావు కాబట్టి అది కాసేపు ఎదురుచూసి, అవతల ఎవరూ ఎత్తడం లేదని ఎర్రర్ 678 చూపించేది. కూర్చున్న మనిషేమో తప్పు మోడెందే అనుకునేవాడు.

1998లో పరిస్థితి మారడం మొదలైంది. వాజ్‌పేయి ప్రభుత్వం వేసిన జాతీయ ఐటీ టాస్క్‌ఫోర్సుకు అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సహాధ్యక్షుల్లో ఒకరు. జిల్లా కేంద్రాలన్నిటిలో 2000 జనవరి 26 నాటికి ఇంటర్నెట్ నోడ్లు తెరవాలనీ, అప్పటిదాకా దగ్గరలోని నోడ్‌కు లోకల్ కాల్ రేటుకే అందనివ్వాలనీ ఆ బృందం సిఫార్సు చేసింది. అదే ఏడాది నవంబరులో ప్రైవేటు కంపెనీలకూ తలుపులు తెరిచారు. అలా వచ్చిన మొదటి ప్రైవేటు సంస్థ సత్యం ఇన్ఫోవే. తర్వాత సిఫీ అయింది. ఫోన్ తీగ మీద గంటల లెక్కన నెట్ అమ్మిన ఆ సంస్థే 2025 అక్టోబరులో విశాఖలో డేటా సెంటరుకూ, సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డెక్కే కేంద్రానికీ శంకుస్థాపన చేయించింది.

లోకల్ రేటు అన్న మాట నిలబడాలంటే ఆ కాల్స్‌ను ఎక్స్ఛేంజి గుర్తుపట్టాలి. అందుకు 172తో మొదలయ్యే నంబర్లు వచ్చాయి. 100 పోలీసులకు, 197 నంబర్ల విచారణకు, 198 లైను పాడైందన్న ఫిర్యాదుకు ఉన్నట్టే 172 ఇంటర్నెట్‌కు. 2000 అక్టోబర్ 1న పని మొదలుపెట్టిన బీఎస్ఎన్ఎల్, తన సంచార్‌నెట్ సర్వీసుకు 172222 ఇచ్చింది. ఖాతా కొనుక్కోని వాళ్లకు 172233. రెండోదానిలో సొంత ఫోన్ నంబరే యూజర్‌నేమ్. కాల్ ఏ లైను నుంచి వచ్చిందో ఎక్స్ఛేంజి చూసుకుని ఫోన్ బిల్లులోనే లెక్క వేసేది.

ఈ నంబర్లతో ఏరియా కోడు అవసరమే లేకుండా పోయింది. కానీ గడి మాత్రం అక్కడే ఉంది, దాని కింద ‘ఏరియా కోడు, డయలింగ్ నియమాలు వాడు’ అనే టిక్కూ ఉంది. ఆ టిక్కు ఉంచేసి కోడ్లు పొరపాటుగా ఇస్తే 172222 ముందు ఏవేవో అంకెలు చేరి కాల్ గల్లంతు. అందుకే కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు ఎవరైనా చేసే మొదటి పని ఆ టిక్కు తీసేయడం. సమస్య తీరేది, ఎందుకు తీరిందో ఇంట్లోవాళ్లకు తెలిసేది కాదు. అతను చెప్పేవాడూ కాదు, మళ్లీ పిలిస్తే మళ్లీ డబ్బులు కదా.

ఇంట్లో కథ ఇంతటితో అయిపోయేది. ఆఫీసుల్లో మరో మెలిక ఉండేది. విశాఖ పెద్ద పెద్ద సంస్థల ఊరు. 1933లో తెరిచిన పోర్టు, నౌకలు కట్టే షిప్‌యార్డు, 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం, దాని పక్కనే ఉక్కునగరం. ఇలాంటిచోట్ల బల్ల మీద ఫోను నేరుగా ఊరి ఎక్స్ఛేంజికి కలవదు, సంస్థ లోపలి చిన్న ఎక్స్ఛేంజికి కలుస్తుంది. దాన్నే ఈపీఏబీఎక్స్ అంటారు. హోటల్ గదుల్లోనూ, షిప్పింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లోనూ అదే ఏర్పాటు. బయటి లైను కావాలంటే ముందు సున్నాయో, తొమ్మిదో నొక్కాలి. ఒక్క క్షణం ఆగితే రెండో డయల్ టోను వస్తుంది. అప్పుడు అసలు నంబరు.

మనిషి చెవితో విని ఆగుతాడు. మోడెం ఆగదు. సున్నా, దాని వెనకే 172222 టకటకా నొక్కేస్తుంది. బయటి లైను దొరికేలోపు మొదటి రెండు మూడు అంకెలు గాలికి పోతాయి. దీనికి మందు ఒక కామా. నంబరు గడిలో 0,172222 అని రాస్తే మోడెం కామా దగ్గర రెండు సెకన్లు ఆగుతుంది. ఈపీఏబీఎక్స్ మరీ నిదానమైతే రెండు కామాలు, నాలుగు సెకన్లు. విండోస్‌లో దీనికోసం విడిగా ‘బయటి లైనుకు ఏం నొక్కాలి’ అనే గడి కూడా ఉండేది. ఊళ్లు తిరిగే ఇంజినీర్లకు, సర్వేయర్లకు అదే మేలు. ఇల్లు, ఆఫీసు, గెస్ట్‌హౌస్ అని మూడు ‘లొకేషన్లు’ ముందే రాసిపెట్టుకుని, ఎక్కడికి పోతే అది ఎంచుకుంటే చాలు, అసలు నంబరు ముట్టుకోనక్కర్లేదు. ఆ కిటికీ మొత్తంలో నిజంగా బాగా ఆలోచించి పెట్టిన సౌకర్యం ఇదొక్కటే. చాలామంది దాని జోలికే పోలేదు.

అదే కిటికీలో కాల్ వెయిటింగ్ ఆపే గడి ఒకటి. నెట్ నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చేస్తే కాల్ వెయిటింగ్ ‘బీప్’ మోడెంల సంభాషణ మధ్యలో దూరి లైను తెంపేస్తుంది. తెగకుండా ముందే ఆ సదుపాయం ఆపే కోడ్లు అక్కడ వరసగా ఉండేవి: *70, 70#, 1170. అన్నీ అమెరికా ఎక్స్ఛేంజీలవే. ఇక్కడ వాటిలో ఏది ఎంచుకున్నా కాల్ చెడిపోవడమే. ఇంట్లో రెండో గదిలో అదే లైనుకు కలిపిన ‘పేరలల్’ ఫోన్ ఉంటే దానికి మాత్రం ఏ కోడూ లేదు. వంటింటి వైపు నుంచి ఎవరో రిసీవర్ ఎత్తారంటే సగం దిగిన ఫైలు మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి.

ఇంకో మెట్టు కిందికి దిగితే టోనా, పల్సా అన్న ప్రశ్న. మోడెంతో మాట్లాడే ఆజ్ఞల భాషను అమెరికాలో డెన్నిస్ హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెం స్థిరపరిచింది. ఆజ్ఞలు ఏటీ అనే అక్షరాలతో మొదలవుతాయి. ఏటీడీటీ అంటే టోనుతో డయల్ చెయ్యి, ఏటీడీపీ అంటే పల్సుతో. టోనులో ప్రతి అంకెకూ రెండు స్వరాలు కలిసి పలుకుతాయి. పల్సులో లైను అంకె విలువన్ని సార్లు తెగి అతుక్కుంటుంది. ఒకటికి ఒకసారి, సున్నాకు పదిసార్లు. తిప్పే డయల్ ఉన్న నల్ల ఫోన్ల కాలపు పద్ధతి అది. దాని వెనక ఉన్నది స్ట్రోజర్ ఎక్స్ఛేంజి. అల్మన్ స్ట్రోజర్ అమెరికాలో శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారి. టెలిఫోన్ ఆపరేటర్లు తన బేరాలను పోటీదారుకు మళ్లిస్తున్నారని అనుమానించి, ఆపరేటర్ అవసరమే లేని యంత్రాన్ని తయారుచేశాడని చెబుతారు. ఆయనకు పేటెంటు వచ్చింది 1891లో. విశాఖ కోడులో అవే అంకెలు ఉండటం ఉత్త కాకతాళీయం.

మన దేశంలో 1984లో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ ఏర్పడ్డాక, ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు పెరిగాక టోను మామూలైంది. పాత ఎక్స్ఛేంజి మిగిలిన చోట మోడెం టోనులో ఎంత పాడినా డయల్ టోను మోగుతూనే ఉండేది. అక్కడ పల్సుకు మార్చడమే దారి. దీనికి తోడు ఇక్కడి డయల్ టోను స్వరమే వేరు. మన ఎక్స్ఛేంజీల డయల్ టోను 400 హెర్ట్జ్ చుట్టూ తిరిగే గుయ్యిమనే మోత. అమెరికాది 350, 440 హెర్ట్జ్‌లు కలిసిన స్వరం. అక్కడి చెవితో తయారైన మోడెం ఇక్కడి టోనును, ముఖ్యంగా ఈపీఏబీఎక్స్ ఇచ్చే విచిత్రమైన టోనును, గుర్తుపట్టలేక డయల్ టోను లేదంటూ ఎర్రర్ 680 చూపేది. రిసీవర్ ఎత్తి వింటే టోను నిక్షేపంగా ఉంటుంది! ‘డయల్ చేసేముందు టోను కోసం ఆగు’ అన్న టిక్కు తీసేస్తే, లేదా ఏటీఎక్స్3 అన్న ఆజ్ఞ చేరిస్తే మోడెం టోను సంగతి వదిలేసి గుడ్డిగా నంబరు నొక్కేది.

అన్నీ సరిగ్గా ఉన్నా కాల్ కలవని సాయంత్రాలూ ఉండేవి. ఎక్స్ఛేంజి నుంచి ఇంటర్నెట్ కంపెనీకి వెళ్లే ఒక్కో ఈ1 లైనులో ఏకకాలంలో 30 కాల్స్‌కే చోటు. కంపెనీ కొన్న లైన్లన్నీ నిండిపోతే ఆ తర్వాతివాడికి ఎంగేజ్ టోను, ఎర్రర్ 676. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు నెట్‌లో వచ్చే రోజుల్లో నెట్ సెంటర్ల బయట తల్లిదండ్రులు గుమిగూడి ఉంటే, లోపల మోడెం మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉండేది. ఎన్నిసార్లు ప్రయత్నించాలి, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలి అన్నవి కూడా సెట్టింగులే.

బిల్లు లెక్క మూడు నిమిషాల మీటరు పల్సుతో నడిచింది. మూడు నిమిషాలకు ఒక కాల్, గంటకు 20 కాల్స్. కాల్ రూపాయి ఇరవై పైసలైతే గంటకు 24 రూపాయలు, అదీ ఇంటర్నెట్ గంటల ఖరీదు కాకుండా. మెయిల్ దించుకుని, లైను వదిలేసి తీరిగ్గా చదివి, జవాబు రాసి, మళ్లీ డయల్ చేసి పంపేవాళ్లు తెలివైనవాళ్లు.

నంబరు గడిని దొంగలు కూడా వాడుకున్నారు. 1990ల రెండో సగంలో అమెరికాలో బొమ్మలు ఉచితంగా చూపిస్తామంటూ ఒక చిన్న ప్రోగ్రాం దించుకోమనే సైట్లు వెలిశాయి. అది దిగి మోడెం శబ్దం ఆపేసి, ఉన్న కాల్ తెంచి, మోల్డోవా దేశపు నంబరు నొక్కేది. నిమిషాల లెక్కన వచ్చిన విదేశీ కాల్ డబ్బులో మోసగాళ్లకు వాటా. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1997లో కేసు పెట్టి బాధితులకు డబ్బు వాపసు ఇప్పించింది. ఇలాంటి ‘డయలర్లు’ తర్వాత ఇక్కడి కంప్యూటర్లలోకీ దూరాయి. ఐఎస్‌డీ మూసి ఉంచడం, రహస్య అంకెతో ఎస్టీడీ లాక్ వేసుకోవడం అప్పుడు పనికొచ్చాయి. కరెంటు బిల్లు, పాల బిల్లుతో పాటు లాక్ నంబరు కూడా ఇంటి పెద్ద జేబు డైరీలో ఉండేది.

2000ల మొదట్లో ఊరి నంబర్లే మారిపోయాయి. ప్రైవేటు ల్యాండ్‌లైన్ కంపెనీలు వచ్చాయి కాబట్టి ఎవరి నంబరు ఏదో తెలిసేలా బీఎస్ఎన్ఎల్ నంబర్ల ముందు 2 చేరింది. విశాఖలో ఆరంకెలు ఏడయ్యాయి. కోడు, నంబరు కలిపితే దేశమంతటా పదంకెలు ఉండాలన్నది లెక్క: 891కి ఏడు, 40కి ఎనిమిది, విజయనగరం 8922కి ఆరు. కొన్నేళ్లు ఒకే టెలికాం సర్కిల్‌లోని ఊళ్లకు సున్నా బదులు 95 కొట్టే పద్ధతి కూడా నడిచింది. సున్నా తప్ప మరోటి తెలియని విండోస్ డయలింగ్ నియమాల్లో 95 సొంతంగా ఇరికించాల్సి వచ్చింది. ఫ్యాక్సులు, మోడెంలు ఉన్న ఆఫీసులు దాచుకున్న నంబర్లన్నీ ఒక్కొక్కటిగా దిద్దుకున్నాయి. 172 నంబర్లకు మాత్రం ఈ బెడద లేదు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మోడెం పాట ఇళ్లలో ఆగిపోయింది. అమెరికాలో ఏఓఎల్ తన డయలప్‌ను 2025 సెప్టెంబర్ 30 దాకా లాక్కొచ్చింది. కిటికీ మాత్రం కొత్త వేషంలో ఇంకొన్నాళ్లు బతికింది. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ డేటా కార్డు గుచ్చుకునే రోజుల్లో కూడా కనెక్షన్ పెట్టాలంటే ఫోన్ నంబరు అడిగేది. టాటా ఇండికాం, రిలయన్స్ సీడీఎంఏ కార్డులకు అక్కడ #777 రాయాలి, జీఎస్ఎం సిమ్ములకు *99#. అవి ఏ ఊరి నంబర్లూ కావు, అవతల మోగే ఫోనూ లేదు. డేటా లైను తెరవమని కార్డుకు ఇచ్చే ఆజ్ఞలు, అంతే. ఏరియా కోడు గడి ఖాళీగా వదిలేయొచ్చు. టాటా కార్డుతో వచ్చిన కాగితంలో యూజర్‌నేమ్ ఇంటర్నెట్, పాస్‌వర్డ్ కూడా ఇంటర్నెట్ అని రాసి ఉండేది.